తర్వాతి రైడ్ ఏ ఊరికి?

* చెన్నై తర్వాత వండర్‌లా చూపు ఎటు?
* ఊహలు బోలెడు.. లెక్కలు వేరు
* రెండు పార్కుల మధ్య ఊగేది సరిహద్దు కుటుంబమే

చెన్నై శివారు తిరుప్పోరూరు దగ్గర 2025 డిసెంబరులో వండర్‌లా పార్కు తెరుచుకుంది. ఖర్చు రూ.611 కోట్లు. తొలిరోజే 43 రైడ్లు. వాటిలో అందరి నోటా నానుతున్నది ‘తంజోరా’. మామూలు రోలర్ కోస్టర్‌లో బండి పట్టాల మీద పోతుంది. ఇందులో పట్టాల కింద వేలాడుతూ పోతుంది. కూర్చున్నవాళ్ల కాళ్ల కింద నేల ఉండదు. అచ్చంగా నేల విడిచి సామే!

ఇలాంటిది ఒకచోట వచ్చిందంటే మిగతాచోట్ల ఊహలు మొదలవుతాయి. ఇదే హైదరాబాదుకూ వస్తుందని ఒకరు, బెంగళూరుకు ఇంతకు మించింది దిగుతుందని మరొకరు, భువనేశ్వర్‌కు ఏదో పెద్దదే రాబోతోందని ఇంకొకరు. ఏ దేశంలోనో తీసిన వీడియో సెల్‌ఫోన్లలో తిరుగుతూ ‘మన దగ్గరికే’ అన్న మాట తగిలించుకుంటుంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

అలాగని ఈ ఊహలన్నీ ఉత్తి కాలక్షేపం అనుకోవడానికి లేదు. హోసూరు, తిరుత్తణి, కోలారు, బళ్లారి, రాయచూరు, బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు కుటుంబాలకు ఇలాంటి పార్కుకు వెళ్లిరావడం ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి కుదిరే ముచ్చట. నలుగురు వెళితే టికెట్లు, దారి ఖర్చులు, తిండి కలిపి వేలల్లో లెక్క. బడి పిల్లల విహారయాత్రకు ఏ ఊరు ఎంచుకోవాలన్నదీ దీన్నిబట్టే. కాబట్టి ఏది వచ్చే వీలుంది, ఏది కల్ల అన్నది కాస్త లెక్కగట్టి చూసుకోవాల్సిందే.

కొచ్చి నుంచి తిరుప్పోరూరు పక్కకి..

గొలుసు మొదలైంది కేరళలో. వి-గార్డ్ స్టెబిలైజర్లతో పేరు తెచ్చుకున్న కొచ్చౌసేఫ్ చిట్టిలపిళ్లి 2000లో కొచ్చి దగ్గర పళ్లిక్కరలో ‘వీగాలాండ్’ పేరుతో పార్కు పెట్టారు. 2005లో బెంగళూరు-మైసూరు రోడ్డులో బిడది దగ్గర రెండోది వచ్చింది. దానికి వండర్‌లా అని పేరు పెట్టారు. తర్వాత కొచ్చి పార్కుకూ అదే పేరు వచ్చింది. 2014లో కంపెనీ షేరు మార్కెట్‌కు వెళ్లింది. 2016లో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాలలో మూడోది తెరిచారు. 2024 మే నెలలో భువనేశ్వర్ దగ్గర ఖుర్దా జిల్లా కుంభారబస్తలో నాలుగోది. చెన్నై అయిదోది.

ఈ అయిదు చుక్కల్నీ కలిపి గీత గీస్తే ఓ చిత్రం కనిపిస్తుంది. కేరళ, కర్ణాటక, తెలంగాణ, ఒడిశా, తమిళనాడు.. ఆంధ్రప్రదేశ్ చుట్టూ పార్కులు వచ్చాయి గానీ ఆ రాష్ట్రంలో మాత్రం ఈ గొలుసుకు పార్కు లేదు. ఉత్తరాంధ్ర వాళ్లు భువనేశ్వర్ వైపు, రాయలసీమ వాళ్లు బెంగళూరు వైపు, నెల్లూరు వాళ్లు చెన్నై వైపు చూడాల్సిందే. అంటే ఈ పార్కులన్నిటికీ గడప దాటి వచ్చే తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు. అవతల రాష్ట్రంలో తరాలుగా స్థిరపడ్డవాళ్లు, ఇవతల నుంచి వెళ్లేవాళ్లు ఒకే గేటు దగ్గర కలుస్తారు.

చెన్నై పార్కు కోసం కంపెనీ 2024 డిసెంబరులో పెద్ద మదుపరులకు షేర్లు అమ్మి రూ.540 కోట్లు సమీకరించింది. అంత డబ్బు పెట్టినవాళ్లు ఊరుకుంటారా? రాబడి ఏదని అడుగుతారు. ముందు చెన్నై నిండాలి. ఆ తర్వాతే మిగతావాటి సంగతి. రైడ్ల జోస్యం చెప్పేవాళ్లు చాలామంది ఈ ముక్కే మరిచిపోతారు.

ఒకచోట నిలిచింది.. రెండోచోటికి

ఈ గొలుసుకు ఓ అలవాటుంది. ఒక పార్కులో జనానికి నచ్చి, మరమ్మతులకు లొంగి, నిలదొక్కుకున్న రైడ్‌నే మరో పార్కుకు తీసుకెళ్లడం. ‘రీకాయిల్’ అందుకు మంచి ఉదాహరణ. బెంగళూరులో పేరు తెచ్చుకున్న ఈ వెనకడుగు కోస్టర్, 2016లో హైదరాబాదు పార్కుతోపాటే అక్కడా మొదలైంది.

హైదరాబాదు రీకాయిల్‌ది నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా కంపెనీ తయారుచేసే ‘బూమరాంగ్’ రకం. పట్టాలు చుట్టూ తిరిగి మొదటికి కలవవు. బండిని ముందు వెనక్కి లాగి ఎత్తు మీదకు చేర్చి వదిలేస్తారు. అది మూడుచోట్ల తలకిందులై అవతలి ఎత్తు ఎక్కుతుంది. అక్కణ్నుంచి మళ్లీ అదే దారిన వెనక్కి వస్తుంది. అంటే మూడు మెలికల పట్టాతో ఆరుసార్లు తలకిందులు! ఎత్తు 35 మీటర్ల పైచిలుకు. వేగం గంటకు 75 కిలోమీటర్లు. కిటుకేమిటంటే, ఒకే పట్టాను రెండుసార్లు వాడుకోవడం వల్ల దీనికి జాగా తక్కువ చాలు.

ఒకే రకం రెండుచోట్ల ఉంటే లాభాలు చాలా. విడిభాగాలు కలిపి తెప్పించుకోవచ్చు. ఒకచోట తర్ఫీదైన మెకానిక్కు రెండోచోటా పనికొస్తాడు. ఏది ఎప్పుడు అరుగుతుందో ముందే తెలుస్తుంది. పైగా ఈ కంపెనీ కొన్ని రైడ్లను కొచ్చిలో సొంతంగానే తయారుచేసుకుంటుంది. బయట కొనే పనిలేనప్పుడు ఒకటి చేసిన చేత్తోనే ఇంకోటి చేయడం తేలిక. కాబట్టి ‘దేశంలో ఎక్కడా లేనిది మన ఊరికి వస్తోంది’ అన్న మాటకన్నా ‘పక్క పార్కులో ఉన్నది మనకూ వస్తోంది’ అన్న మాటనే ఎక్కువ నమ్మొచ్చు.

మరి తంజోరా సంగతి? అది స్విట్జర్లాండ్‌కు చెందిన బొలిజర్ అండ్ మాబియార్ కంపెనీది. కాళ్లు వేలాడే కోస్టర్‌ను ఆ కంపెనీ మొదటిసారి 1992లో అమెరికాలో చికాగో దగ్గరి ఓ పార్కులో పెట్టింది. ముప్పయ్యేళ్లు దాటాక అది భారతదేశానికి వచ్చింది. ఇలాంటివి అంగట్లో సిద్ధంగా ఉండే సరుకు కావు. ఆర్డరు ఇచ్చాక డిజైను, ఉక్కు పని, ఓడ ప్రయాణం, పునాదులు, ఖాళీ బండితో, ఇసుక బస్తాలతో, నీళ్ల బొమ్మలతో పరీక్షలు.. అన్నీ అయ్యేసరికి ఏడాదిన్నర, రెండేళ్లు ఇట్టే గడుస్తాయి. వచ్చే వేసవికే ఇలాంటిది ఇంకోచోట తెరుచుకుంటుందని ఎవరైనా అంటే, ఆ పార్కులో ఇప్పటికే పునాది గోతులు కనబడుతున్నాయా అని అడిగితే చాలు. గొయ్యి లేకపోతే రైడూ లేదు.

జాగా ఉందా.. ఎత్తు కుదురుతుందా.. నీళ్లో?

రైడ్ కొనడానికి డబ్బుంటే సరిపోదు. పెట్టడానికి చోటుండాలి. కంపెనీ చేతిలో ఉన్న భూమి చూస్తే కొచ్చిలో సుమారు 93 ఎకరాలు, బెంగళూరులో 82, చెన్నైలో 64, హైదరాబాదు, భువనేశ్వర్‌లలో దాదాపు 50 చొప్పున. ఇందులో పార్కింగు, హోటళ్లు, నీటి శుద్ధి, తోటలు పోగా మిగిలిందే రైడ్లకు. పెద్ద కోస్టర్‌కు కొత్తగా చోటివ్వగల సత్తా బెంగళూరుకు ఉంది. హైదరాబాదులో అలాంటిది పెట్టాలంటే పాతది ఏదో ఒకటి తీయాల్సి రావచ్చు.

హైదరాబాదుకు ఇంకో చిక్కు. పార్కు శంషాబాద్ విమానాశ్రయానికి ఎంతో దూరంలో లేదు. విమానాశ్రయం చుట్టుపక్కల 20 కిలోమీటర్ల పరిధిలో ఎత్తయిన కట్టడాలకు ఎత్తు అనుమతి చూసుకోవాలి. కుదరదని కాదు. కానీ ఆకాశాన్నంటే గోపురాల్లాంటివి అక్కడికి వస్తాయన్న ఊహకు కాస్త పగ్గం వేసుకోవాలి. ఎత్తుకన్నా మెలికలు, ఊపులు ఎక్కువుండే రైడ్లు, గది లోపల తెర మీద నడిచేవి అక్కడికి బాగా సరిపడతాయి.

మూడోది నీళ్లు. వేసవిలో జనం వచ్చేదే నీటి రైడ్ల కోసం. కానీ 2019 వేసవిలో చెన్నై జలాశయాలు ఎండి నగరం గుక్కెడు నీళ్లకు అల్లాడింది. 2024 మార్చిలో బెంగళూరు నీటి బోర్డు ఈతకొలనుల్లో తాగునీరు వాడొద్దని నిషేధం పెట్టింది. అలల కొలనులో, జారుడు గొట్టాల్లో నీటిని శుద్ధిచేసి మళ్లీమళ్లీ వాడతారన్నది నిజమే. అయినా ఎండకు ఆవిరయ్యేది, ఒంటితో బయటికి పోయేది, వడపోత కడిగేటప్పుడు పారేది పూడ్చక తప్పదు. ఊరంతా బిందెలతో వరుసలో నిలబడ్డ ఏడు, పార్కు కొత్త కొలను తెరిస్తే జనం ఊరుకోరు. నీటికి కటకటలాడే నగరాల పక్కన ఇక ముందు పొడి రైడ్లకే మొగ్గు ఉంటుందనుకోవచ్చు. ఎండ మండే భువనేశ్వర్‌లో చల్లటి గదుల్లో నడిచేవాటికి గిరాకీ ఉంటుంది.

పన్నుతో ఆగింది.. పన్నుతో కదిలింది

రైడ్ ఎప్పుడొస్తుందన్నది ఇంజినీర్ల చేతిలోనే ఉంటుందనుకుంటే పొరపాటు. సర్కారు చేతిలోనూ ఉంటుంది. చెన్నై పార్కే అందుకు సాక్ష్యం. భూమి కొన్నా ఏళ్ల తరబడి పని కదల్లేదు. కారణం పన్ను. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఇలాంటి పార్కుల టికెట్టు మీద 28 శాతం వేశారు. 2018 జనవరిలో దాన్ని 18 శాతానికి దించారు. తమిళనాడులో మాత్రం దీనికి తోడు స్థానిక సంస్థల వినోదపు పన్ను మరో 10 శాతం. రెండు పన్నులు కట్టి పార్కు నడపలేమని కంపెనీ చేతులు ముడుచుకుంది. 2022లో తమిళనాడు ప్రభుత్వం ఆ స్థానిక పన్ను నుంచి పదేళ్లపాటు మినహాయింపు ఇచ్చింది. అప్పుడు గానీ పార పట్టలేదు.

ఒడిశా ఇంకో దారి తొక్కింది. భూమి తానే ఇచ్చింది.. 90 ఏళ్ల లీజుకు. భూమి కొనే బరువు తప్పడంతో సుమారు రూ.190 కోట్లతోనే అక్కడ పార్కు లేచింది. చెన్నై ఖర్చులో మూడోవంతు కూడా కాదు.

ఈ రెండు కథల్లోనూ రాబోయే రైడ్లకు సూచన ఉంది. తమిళనాడు మినహాయింపు పదేళ్లకే. ఆలోపే ఎంత వీలైతే అంత రాబట్టుకోవాలని ఏ వ్యాపారి అయినా చూస్తాడు. కాబట్టి చెన్నైలో చిన్నాచితకా చేర్పులు ఏటా ఉంటాయి, పేరు మోగేలా ప్రచారమూ ఉంటుంది. ఒడిశాలో భూమి భారం లేదు గనుక జనం పెరిగేకొద్దీ రైడ్లు పెంచుకుంటూ పోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో పార్కు ఎప్పుడు అన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే ఉంది. లీజు భూమి, పన్ను హామీ.. ఈ రెండూ కాగితం మీదకు వచ్చినరోజు ఆ మాట నమ్మొచ్చు. అంతవరకు అది కబురే.

ఖొపోలీ నేర్పిన పాఠం

పెద్ద రైడ్లు తెస్తే జనం వాళ్లంతట వాళ్లే వస్తారన్న నమ్మకం ఒకటుంది. అది ఎంతవరకు నిజమో ముంబయి, భివండి, షోలాపూర్ తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఇమాజికా చెబుతుంది. ముంబయి-పుణె ఎక్స్‌ప్రెస్‌వే దగ్గర ఖొపోలీలో 2013లో ఈ పార్కు తెరిచారు. తంజోరా తయారుచేసిన స్విస్ కంపెనీదే ‘నిట్రో’ అనే భారీ కోస్టర్ అక్కడ అప్పుడే పెట్టారు. కాళ్ల కింద నేలబల్ల లేని రకం అది. అలంకరణలో, హంగుల్లో అంతకుముందు దేశంలో ఎవరూ అంత ఖర్చు చేయలేదన్నంత పేరొచ్చింది.

కానీ ఖర్చులో చాలాభాగం అప్పు. అనుకున్నంత జనం రాలేదు. వడ్డీలు కట్టలేక, కొవిడ్ కాలంలో తలుపులు మూసుకుని, చివరకు 2022లో మల్పానీ గ్రూపు చేతికి వెళ్లింది. పార్కు బతికింది గానీ మొదలుపెట్టినవాళ్ల చేతిలో మిగల్లేదు. రైడ్ పెద్దదైతే చాలదు, దాని ఎదుట నిలబడే వరుసా పెద్దది కావాలి. రోజుకు ఎన్ని గంటలు తిరిగినా బండి ఖాళీగా తిరిగితే కరెంటు బిల్లే మిగులుతుంది.

వండర్‌లా ఆ దారిన పోలేదు. అప్పు తక్కువ, అడుగులు చిన్నవి. 2000లో మొదటిది, 2005లో రెండోది, 2016లో మూడోది. మధ్య దూరం చూడండి! ఇటీవలే వేగం పెంచింది. ఏడాదిన్నర తేడాతో రెండు పార్కులు తెరిచిన కంపెనీ ఇప్పుడు కాస్త ఊపిరి పీల్చుకుంటుందా, ఇంకా పరుగెడుతుందా అన్నదే అసలు ప్రశ్న. పాత అలవాటు చూస్తే మొదటిదే జరగాలి.

చిత్తూరు దారిలో తేలే లెక్క

ఇప్పుడు సరిహద్దు సంగతి. కృష్ణగిరి, హోసూరు, కుప్పం వాళ్లకు బెంగళూరు దగ్గర. తిరువళ్లూరు, గుమ్మిడిపూండి, సూళ్లూరుపేట వాళ్లకు చెన్నై దగ్గర. వేలూరు చెన్నైకే మొగ్గుతుంది. చిత్తూరు మాత్రం అటూ ఇటూ ఇంచుమించు సమాన దూరం. 2025 డిసెంబరుకు ముందు ఈ ప్రాంతమంతా బెంగళూరు పార్కుదే. ఇప్పుడు వాటా పంచుకోవాలి.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. బెంగళూరులోనూ తంజోరా లాంటిదే పెట్టారనుకోండి. కృష్ణగిరి వాళ్లకు చెన్నై దాకా పోవాల్సిన పనేముంది? సొంత పార్కుకు సొంత పార్కే పోటీ. కొత్త పార్కు నిలదొక్కుకునేదాకా కంపెనీ ఆ పని చేయదు. అలాగని బెంగళూరును ఎండగట్టనూ లేదు. ఇరవయ్యేళ్లు దాటిన పార్కు అది. పాత రైడ్లు మార్చాల్సిన వయసు వచ్చింది. కాబట్టి చెన్నైలో లేని రకమేదో బెంగళూరుకు, బెంగళూరులో లేనిది చెన్నైకి.. ఇలా వేరువేరు రుచులు చూపించి, మధ్యలో ఉన్న కుటుంబాన్ని ఈ ఏడు అటు, వచ్చే ఏడు ఇటు రప్పించడమే తెలివైన వ్యాపారం.

దీన్నిబట్టి ఒక్కో పార్కుకు వేసుకోదగ్గ అంచనా ఇదీ:

చెన్నై: రెండు మూడేళ్లదాకా మరో మహా కోస్టర్ రాకపోవచ్చు. పిల్లల రైడ్లు, వేసవి చేర్పులు ఉంటాయి. తిరుత్తణి, పళ్లిపట్టు వాళ్లు ఇప్పుడున్నది చూడ్డానికే రెండుసార్లు పోవాలి.

బెంగళూరు: జాగా ఉంది, వయసు మీరింది. పెద్దది ఏదైనా వస్తే ముందు వరుసలో ఉండేది ఇదే. అయితే చెన్నైకి నకలు కాదు, వేరే రకం. 2023 మార్చిలో మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రారంభమయ్యాక కారు, బస్సు దారి సుఖమైంది. కానీ ఆ ఏడాది ఆగస్టు నుంచి ఎక్స్‌ప్రెస్‌వే అసలు దారిలోకి బైకులు, ఆటోలు రానివ్వడం లేదు. కోలారు నుంచి బైకు మీద పోయే కుర్రాళ్లు పక్క దారే పట్టాలి.

హైదరాబాదు: నడిమి తరహా రైడ్లు, గది లోపలివి. రాయచూరు, బీదర్, నాందేడ్ తెలుగువాళ్లకు దగ్గరి దిక్కు ఇదే. బళ్లారి వాళ్లకు మాత్రం బెంగళూరయినా హైదరాబాదయినా మూడొందల కిలోమీటర్లకు పైమాటే. రైడ్ ఏదైనా రాత్రి ప్రయాణం తప్పదు.

భువనేశ్వర్: 21 రైడ్లతో మొదలైంది. చెన్నై సంఖ్యలో సగం కూడా లేదు. అందుకే సంఖ్యలో పెరగాల్సింది ఇక్కడే ఎక్కువ. ఇతర పార్కుల్లో నిలిచినవాటి నకళ్లు వచ్చేదీ ఇక్కడికే. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువాళ్లు, శ్రీకాకుళం వాళ్లు ఎదురుచూడ్డానికి కారణం ఉంది. జాగా తక్కువ పట్టే బూమరాంగ్ లాంటిది ఇక్కడికి వస్తే ఆశ్చర్యపడాల్సిన పనిలేదు.

ఇక యానాం. అన్ని పార్కులకూ దూరమే. పుదుచ్చేరికి చదువులకో, ఆఫీసు పనులకో వెళ్లేవాళ్లు దారిలో చెన్నై పార్కు చూసి రావడమే ప్రస్తుతానికి దారి.

140 సెంటీమీటర్ల గీత

ఇన్ని ఊహల్లోనూ ఎవరూ పెద్దగా పట్టించుకోనిది ఒకటుంది. పెద్ద రైడ్ ఎవరికి? దాని ముందు ఓ గీత గీసి ఉంటుంది. ఇలాంటి కోస్టర్లకు మామూలుగా 140 సెంటీమీటర్లు, కాస్త అటూఇటూ. అంతకన్నా పొట్టిగా ఉన్న పిల్లల్ని ఎక్కనివ్వరు. భుజాల మీంచి దిగే ఇనప పట్టీ చిన్న ఒంటికి బిగుతుగా కూర్చోదు. తలకిందులైనప్పుడు మనిషిని పట్టి ఉంచేది అదే. కాబట్టి అక్కడ బతిమాలుకోవడాలు పనికిరావు. గుండెజబ్బు, రక్తపోటు, నడుంనొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కకూడదు.

ఇప్పుడు ఓ కుటుంబాన్ని లెక్క వేసుకోండి. అమ్మ, నాన్న, నాలుగో తరగతి పాప, అవ్వ. ఆ నలుగురిలో మహా కోస్టర్ ఎక్కేది ఒకరో ఇద్దరో. మిగతావాళ్లు కింద నిలబడి బ్యాగులు పట్టుకోవాలి. టికెట్టు మాత్రం అందరికీ పడుతుంది. పిల్లలకు ధర తగ్గిస్తారు, అవ్వకూ ఎంతో కొంత రాయితీ ఇస్తారనుకున్నా ఆ రోజు ఖర్చు ఆ ఇంటికి నెల సరుకుల ఖర్చుకు తక్కువ కాదు.

ప్రకటనల్లో కనబడేది కోస్టరే. పార్కు నిండేది మాత్రం కుటుంబాలతోనూ, డిసెంబరు, జనవరి నెలల్లో వచ్చే బడి బస్సులతోనూ. ఇది కంపెనీకీ తెలుసు. అందుకే ఒక్క పెద్దది పెట్టినచోట అయిదారు చిన్నవి పెడుతుంది. ‘కొత్త కోస్టర్ ఎప్పుడు?’ అన్న ప్రశ్న కుర్రకారుది. ‘చిన్న పిల్లలు, పెద్దవాళ్లు కలిసి ఎక్కేవి ఎన్ని?’ అన్న ప్రశ్న ఇంటి పెద్దది. టికెట్టు డబ్బులు ఇచ్చేది ఇంటి పెద్దే కాబట్టి రెండో ప్రశ్నకే విలువెక్కువ.

వేగం కన్నా నమ్మకం ముందు

కొత్త రైడ్ అంటే కొత్త ఉత్సాహమే కాదు, కొత్త బాధ్యత కూడా. 2016లో చెన్నైలోని ఓ పాత పార్కులో కొత్త రైడ్‌ను ప్రయోగాత్మకంగా తిప్పుతుండగా కూలి, అక్కడి ఉద్యోగి ఒకరు చనిపోయాడు. 2019 జులైలో అహ్మదాబాద్ కంకరియాలో లోలకంలా ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు మరణించారు, పాతిక మందికి పైగా గాయపడ్డారు. ఆ రెండూ ఈ గొలుసు పార్కులు కావు. అయినా పాఠం అందరికీ ఒక్కటే. పెద్ద రైడ్ ఎంత ఆలస్యంగా వస్తే అంత పరీక్షకు లోనైందని సంతోషించాలి గానీ విసుక్కోకూడదు.

రైడ్ల భద్రతకు దేశమంతటికీ ఒకే కేంద్ర చట్టం లేదు. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 15475 పేరుతో పద్ధతులు చెప్పింది. అనుమతులు, తనిఖీలు మాత్రం రాష్ట్రాల చేతిలో, ఒక్కోచోట ఒక్కో తీరుగా ఉన్నాయి. సరిహద్దు కుటుంబం ఈ ఏడు కర్ణాటక రైడ్ ఎక్కుతుంది, వచ్చే ఏడు తమిళనాడు రైడ్ ఎక్కుతుంది. ఎక్కే మనిషి ఒకడే అయినప్పుడు తనిఖీ కూడా ఒకే తీరుగా ఉండాలన్నది న్యాయమైన కోరిక. పెద్ద పార్కుల కన్నా జాతరలకు, తిరునాళ్లకు లారీల్లో వచ్చి రాత్రికి రాత్రే బిగించే రంగులరాట్నాల విషయంలో ఇది మరీ ముఖ్యం.

భాష సంగతి కూడా భద్రతలో భాగమే. సరిహద్దుకు అవతల బడికెళ్లే తెలుగు పిల్లలకు కన్నడమో, తమిళమో, ఒడియానో చదవడం వస్తుంది. చిక్కల్లా రాయలసీమ నుంచో, నెల్లూరు, శ్రీకాకుళం నుంచో వచ్చే పెద్దవాళ్లది. ‘పట్టీ తీయొద్దు’, ‘చేతులు బయట పెట్టొద్దు’, ‘గుండెజబ్బు ఉన్నవాళ్లు ఎక్కొద్దు’ అన్న మూడు మాటలు తెలుగులోనూ రాస్తే, మైకులో చెబితే కంపెనీకి అయ్యే ఖర్చు ఎంత? కోస్టర్ పునాదిలో పోసే ఒక లారీ కాంక్రీటంత కూడా కాదు. చెన్నై, బెంగళూరు, భువనేశ్వర్ పార్కులకు తెలుగు కుటుంబాల రాకతో లాభం ఉన్నప్పుడు ఈపాటి అడగడం తప్పు కాదు.

గేటు దగ్గర బలం

తర్వాతి రైడ్ ఏ ఊరికన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకదు. పెద్దదైతే బెంగళూరుకు, ఎక్కువైతే భువనేశ్వర్‌కు, కొత్తదనం కావాలంటే ఇప్పటికి చెన్నైకి.. లెక్కలు చెప్పేది ఇంతవరకే. పునాది గోతులు, కంపెనీ ఏటా వాటాదారులకు చెప్పే ఖర్చుల పద్దు, ప్రభుత్వాల పన్ను ఉత్తర్వులు.. కబురు నిజమో కాదో తేల్చేవి ఈ మూడే.

అయితే రెండు పార్కుల మధ్య ఉన్న కుటుంబానికి ఇంతకుముందు లేని బలం ఇప్పుడొచ్చింది. ఒకటే పార్కు ఉన్నప్పుడు పెట్టింది తిని రావాలి. రెండున్నప్పుడు ఎంచుకోవచ్చు. హోసూరులోనో, చిత్తూరులోనో బస్సు మాట్లాడుకునే బడి పంతుళ్లు ఈసారి రైడ్ ఎత్తు ఒక్కటే అడగనక్కర్లేదు. అవ్వ కూర్చోవడానికి నీడ ఉందా, నాలుగో తరగతి పిల్లలు ఎక్కేవి ఎన్ని, హెచ్చరిక తెలుగులో ఉందా, ప్రథమ చికిత్స గది ఎక్కడ అని కూడా అడగొచ్చు. జవాబు బాగా చెప్పిన పార్కు వైపే బస్సు తిప్పొచ్చు. నాలుగు బస్సులు అలా తిరిగితే చాలు, వచ్చే ఏడు ఏ రైడ్ పెట్టాలో కంపెనీయే కనుక్కుంటుంది.